వేలికి తెలిసే తెలుపు

తడి సోడా పొడి మీద నిమ్మరసం పడితే బుస్సుమని పొంగుతుంది. ఆ పొంగులోంచి పులుపూ సున్నమూ కలిసినట్టుండే వాసన ఒకటి లేస్తుంది. మొన్న సోమవారం పొద్దున, కామారెడ్డిలో మా అమ్మాయి సువర్ణ కొత్తగా అద్దెకు దిగిన ఇంట్లో, మేడ మీది స్నానాల గదిలో పీట వేసుకుని కూర్చున్న నాకు ఆ వాసన తగిలింది. నిజానికి అది రాకూడని వాసన. సోడాను పూర్తిగా కడిగేశాకనే నిమ్మ పెట్టాలి. తెల్ల తొట్టిలో తెల్ల సోడా ఒక మూలన మిగిలిపోయింది, నేను గమనించలేదు. "రెండిటిని కలిపితె రెండూ దండుగ" అని యాభై రెండేళ్ళ కిందట నాతో చెప్పిన మనిషి గొంతు చెవి పక్కనే వినిపించినట్టయింది. ఆమె పేరు ఖాజాబీ. ఆమె నేర్పిన పనితోనే నేను ముప్పై ఒక్క సంవత్సరాలు ఉద్యోగం చేశాను. ఆమె పట్ల నేను చేసిన తప్పును మాత్రం ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

ముందు ఈ తొట్టి సంగతి చెప్పాలి. ఈ ఇంటి యజమాని పద్నాలుగేళ్ళు దుబాయిలో ఒక హోటల్లో గదులు కడిగాడు. తిరిగి వచ్చి ఇల్లు కట్టుకున్నప్పుడు తెల్లటి స్నానపు టబ్బు ఒకటి హైదరాబాదు నుంచి తెప్పించి మేడ మీద పెట్టించాడు. ఇన్నేళ్ళు పరాయివాళ్ళ కోసం కడిగాను, ఇప్పుడు నేను పడుకుంటాను అన్నాడట. నాలుగుసార్లు పడుకున్నాడని తాళాలిచ్చేటప్పుడు ఆయన భార్యే లెక్క చెప్పింది. తర్వాత ఎండాకాలాల్లో బోరు అడుగంటి, నల్లా రెండు రోజులకొకసారి రావడం మొదలయ్యాక అది నీళ్ళు నిలవ చేసుకునే తొట్టి అయింది. ఉప్పు నీళ్ళు నిండుతూ తగ్గుతూ గోడల చుట్టూ గార చారలు కట్టాయి. వేలితో తడిమి లెక్కపెడితే పదకొండు. అంచు మీద సబ్బు జిడ్డు, నల్లా కింద తుప్పు, అడుగున పాకుడు.

"గురువారం మేస్త్రీ వస్తడమ్మా. పలగ్గొట్టి తీసేస్తడు. ఓనరు గూడ సరే అన్నడు" అంది సువర్ణ.

"మూడు దినాలు ఆగు. నేను జూస్త."

"యాసిడ్ పోస్తె పది నిమిషాల పని. దానికి మూడు దినాలెందుకే?"

"యాసిడ్ సీసా ఈ మెట్లెక్కితె నేను దిగిపోత."

ఆమె నవ్వింది. "అరవై తొమ్మిదేండ్లొచ్చినయి, మోకాళ్ళు లేస్తలేవు, టబ్బు కోసం కొట్లాట" అని సీసాను కిందనే ఉంచేసింది. మోకాళ్ళ గురించి ఆమె అన్నది నిజమే. పీట మీద కూర్చోవడానికి ఒక్క నిమిషం, లేవడానికి నాలుగు. ఈ వయసులో ఈ పని నాకెందుకు అని నేను కూడా ఆ మూడు రోజుల్లో చాలాసార్లు అనుకున్నాను.

నాది లింగంపేట. అమ్మ ఇంట్లో బీడీలు చుట్టేది. నేను ఏడో తరగతి పాసైన ఏడాది నాన్న పోయాడు. నాకు పదిహేడు నిండిన మాఘంలో, ఒక శుక్రవారం, అమ్మ నన్ను ఎల్లారెడ్డిలో తునికాకు వ్యాపారం చేసే ఒక సేటు ఇంట్లో పనికి పెట్టింది. రెండు పూటల తిండి, పడుకోవడానికి వసారా. ఇంట్లో ఒక నోరు తగ్గితే ఇద్దరు తమ్ముళ్ళకు కడుపు నిండుతుందని అమ్మ లెక్క. ఆ లెక్క తప్పని నేను ఎన్నడూ అనలేదు. సేటుకు నడుం నొప్పి. ప్రతి సాయంత్రం వేడినీళ్ళలో అరగంట పడుకుంటే తప్ప మంచం మీద ఒరగలేడు. అందుకని హైదరాబాదులో ఎవరిదో పాత దేవిడీ, నవాబుల కాలపు బంగళా, సామాన్లు అమ్ముతుంటే ఒక ఇనుప తొట్టి కొన్నాడు. దానిపైన తెల్ల పింగాణి పూత, కింద నాలుగు పులి పాదాలు. ఆరుగురు మోస్తే లోపలికి వచ్చిందట. ఆ దేవిడీలో చిన్నప్పటి నుంచి అలాంటి తొట్లు కడిగిన ఖాజాబీని కూడా సేటు వెంట తెచ్చుకున్నాడు. "తొట్టితోటి నన్ను గూడ తూకమేసిండ్రు బేటీ. తొట్టే బరువున్నది" అని ఆమె నవ్వేది. పుట్టింది మహారాష్ట్ర సరిహద్దులోని మద్నూర్‌లో కాబట్టి కోపం వస్తే మరాఠీ, దేవుడితో ఉర్దూ, మాతో తెలుగు. నేను ఆమెను పిన్నిని పిలిచినట్టు ఖాలా అని పిలిచేదాన్ని. వంటింటి వెనక ఒక చిన్న అర్రలో ఉండేది. ఆమెకంటూ ఉన్నది ఆ అర్ర ఒక్కటే.

మొదటి రోజు నేను కొబ్బరి పీచు పట్టుకుని తొట్టిలోకి వంగాను. ఆమె నా మణికట్టు పట్టుకుంది.

"ఏం జేస్తున్నవ్?"

"రుద్దుతున్న."

"ఏం రుద్దుతున్నవ్?"

"మురికి."

"ఏ మురికి?"

మురికికి రకాలుంటాయని నాకప్పుడు తెలియదు. ఆమె తొట్టిని పొడిబట్టతో తుడిపించి, కిటికీ తెరిపించి, గంటసేపు ఆరబెట్టించింది. "తడిల అన్ని తొట్లు తెల్లగనే ఉంటయ్. ఎండినంక జూడు." ఎండాక నిజంగానే వేరే తొట్టి కనిపించింది. చెయ్యి జారేది జిడ్డు, దానికి వేడినీళ్ళు, సోడా. చెయ్యి గరుకుగా ఆగేది గార, దానికి నిమ్మరసంలో తడిపిన పాత ధోతి ముక్క. చేతికి తెలియక కంటికి మాత్రమే తెలిసేది తుప్పు మరక, దానికీ నిమ్మరసమే, కానీ అరగంటకు మించితే పూత మెరుపు చస్తుంది. "పేరు తెల్వకుంట దేనిమీద చెయ్యి పెట్టొద్దు" అంది. సోడా పూసి వక్క నోట్లో వేసుకుని కూర్చునేది. నేను ఆగలేక లేస్తే, "కూసో. ఇప్పుడు పని సోడాది. నీది గాదు" అనేది. చివరికి కళ్ళు మూసుకుని, వేలి వెనక భాగాన్ని తొట్టి గోడ మీద అడ్డంగా, మెల్లగా నడిపించేది. ఎక్కడైనా ఆగితే మళ్ళీ మొదలు. "కంటికి తెల్లగుంటె సేటమ్మకు చాలు. వేలికి తెల్లగుంటె మనకు చాలు." తొట్టి శుభ్రం కావడానికి మూడు గంటలు పట్టేది. పద్నాలుగు బకెట్ల నీళ్ళు.

కళ్ళు మూసుకోవడం ఆ పనిలో ఒక పద్ధతి అనుకున్నాను. జ్యేష్ఠంలో ఒక పొద్దున నేను బకెట్‌ను రోజూ పెట్టే చోట కాకుండా గుమ్మం పక్కన పెట్టాను. ఖాలా నేరుగా వచ్చి దాంట్లో కాలు పెట్టి పడింది. పట్టపగలు, పసుపు రంగు బకెట్. నేను లేపి కూర్చోబెట్టాక ఆమె ముందుగా అడిగింది దెబ్బ గురించి కాదు.

"ఎవరన్న జూసిండ్రా?"

"లేదు ఖాలా. నీకు... కనబడతలేదా?"

"వెల్తురు కనబడతది. మనిషి అడ్డమొస్తె తెలుస్తది. గంతే." చీర కుచ్చెళ్ళు పిండుకుంటూ అంది. "ఈళ్ళకు తెలిస్తె అర్ర పోతది నర్సూ. నాకు మద్నూర్ల అక్క కొడుకు ఇల్లు తప్ప దిక్కు లేదు. ఆని పెండ్లాం నాతోని గిన్నెలు తోమిస్తది గని నాకు మూల జూపియ్యదు."

ఆ రోజు నుంచి మా పని తీరు మారింది. ఆమె తడిమేది, నేను చూసేదాన్ని. తుప్పు మరక వేలికి తగలదు కాబట్టి నేను చెప్పాలి. "ఎడమ దిక్కు, జానెడు కింద, పసుపు" అంటే ఆమె బట్ట సరిగ్గా అక్కడ పడేది. "నా వేలు, నీ కన్ను. రెండు గలిస్తె ఒక పనిమనిషి" అని వీపు మీద చరిచేది. ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు. బకెట్ మళ్ళీ తన చోటు వదలలేదు.

శ్రావణంలో ఖాలా అక్కకు జబ్బు చేసిందని కబురు వస్తే మూడు రోజులు మద్నూర్ వెళ్ళింది. ఆమె వెళ్ళిన మర్నాడు సేటు ఇంటికి చుట్టాలు వస్తున్నారు. తొట్టి కడగమని సేటమ్మ నాకు చెప్పింది. నేను ఒక్కదాన్నే. ప్రతి శుక్రవారం ఇత్తడి బిందెలు తోమేది నేనే. చింతపండు, ఇటుక పొడి, కొబ్బరి పీచు. బిందెలు బంగారంలా వచ్చేవి, ఆ వాడలో నాకు పేరుండేది. సోడా పూసి గంట కూర్చోవడం, నిమ్మబట్ట పెట్టి అరగంట కూర్చోవడం నాకెప్పుడూ ముసలివాళ్ళ చాదస్తంగానే ఉండేది. చింతపండులో ముంచిన పీచును ఇటుక పొడిలో అద్ది, తొట్టినంతా బిందెను తోమినట్టు గుండ్రంగా తోమాను. గంటలో అయిపోయింది. అలాంటి తెలుపు ఆ తొట్టికి నేనెన్నడూ చూడలేదు. "ఖాజాబీ మూడు గంటలు జేసే పని నువ్వు గంటల జేసినవ్ గదనే" అంది సేటమ్మ. ఆ పూట నాకు అన్నంలో రెండో గరిటె నెయ్యి పడింది. దాని రుచి నాకింకా గుర్తుంది.

ఖాలా వచ్చి తొట్టి మీద వేలు పెట్టింది. వేలు నడవలేదు. చాలాసేపు అక్కడే ఉంచింది.

"ఏం పెట్టి రుద్దినవ్ బేటీ?"

"సోడానే" అన్నాను.

"అచ్ఛా" అంది.

వారం తిరిగేలోపు తొట్టి బూడిద రంగుకు వచ్చింది. పూత మీద ఇటుక పొడి గీసిన సన్నటి గీతల్లోకి జిడ్డు దిగుతోంది. పొద్దున కడిగితే మర్నాటికి నల్లబడుతుంది. మూడు గంటల పని నాలుగు గంటలైంది. ఖాలా కడుగుతూనే ఉంది. సేటమ్మ మాత్రం ఊరుకోలేదు. "మొన్న పిల్ల కడిగితె పాలలెక్క అయ్యింది. నువ్వు కడిగితె గిట్లెందుకుంటున్నది? కండ్లు కనబడతలేవా ఏంది?" అంది. అప్పుడే నేను నోరు తెరవాల్సింది. అది భాద్రపదం, మంగళవారం. తెరవలేదు.

మర్నాడు సేటమ్మ తన కాటుక డబ్బీ తెచ్చి తొట్టి లోపలి గోడ మీద వేలెడు పొడుగు గీత గీసింది. ఖాలాను పిలిచి కడగమంది. నేను మాట అందిస్తానేమోనని నా చెయ్యి పట్టుకుని గుమ్మం దగ్గరే నిలబెట్టింది. ఖాలా వంగింది. వేలి వెనక భాగాన్ని అంచు నుంచి మొదలుపెట్టి అడ్డంగా నడిపింది, ఒక వరస, దాని కింద ఇంకో వరస. నాలుగో వరసలో ఆగింది. బట్టతో తుడిచి, బట్టను ముక్కు దగ్గర పెట్టుకుంది. "కాటుక అమ్మా. పోరగాండ్లు గీసినట్టున్నరు" అంది నెమ్మదిగా. సేటమ్మ నా చెయ్యి వదిలేసింది. ఖాలా గెలిచింది, ఇక అర్రకు భయం లేదు అనుకున్నాను.

అదే రోజు మధ్యాహ్నం సేటు స్వయంగా వచ్చాడు. ఏటవాలు ఎండ కిటికీలోంచి తొట్టిలో పడుతోంది. ఆ ఎండలో గీతలన్నీ బయటపడ్డాయి, చుట్టలు చుట్టలుగా.

"ఇది రుద్దిన పని గాదు, గీకిన పని. ఎవరి చెయ్యిది?" అన్నాడు.

ఆ ఇంట్లో గుండ్రంగా తోమే చెయ్యి నాదొక్కటే. ఇంకో క్షణం ఆగితే సేటమ్మకు తట్టేదే. నాకు లింగంపేటలో అమ్మ, ఆకుల చాట, తమ్ముళ్ళ కంచాలు వరసగా కళ్ళముందుకు వచ్చాయి. ఖాలా నా వైపు తిరగను కూడా తిరగలేదు.

"నాదే సేట్. సోడా డబ్బనుకొని ఇటుక పొడి డబ్బల చెయ్యి పెట్టిన. నాకు కనబడతలేదు. ఏడాదయ్యింది."

"పొద్దుగాల కాటుక ఎట్ల తెలిసింది మరి?" అంది సేటమ్మ.

"వేలికి తగిలింది అమ్మా."

పది రోజుల గడువిచ్చారు. పదో రోజు శుక్రవారం, అక్క కొడుకు వచ్చి ఆమె ట్రంకుపెట్టెను నెత్తిన పెట్టుకున్నాడు. అర్ర నుంచి గేటు దాకా ముప్పై నాలుగు అడుగులు. వాటిని లెక్కపెట్టుకుంటూ నడిచే మనిషిని ఆ రోజు నేను చెయ్యి పట్టుకుని నడిపించాను.

"నీకు అప్పుడే తెలుసు గద ఖాలా. ఎందుకట్ల జెప్పినవ్?"

"నాకు అరవై రెండు, నీకు పదిహేడు. లెక్కల పిల్లవు గద, నువ్వే లెక్క జెయ్." గేటు దగ్గర ఆగి, "నా కండ్లు ఎట్లయినా ఏదో ఒకనాడు దొరుకుతుండె" అంది.

ఆ మాటను నేను చాలా ఏళ్ళు ఊతంగా పట్టుకున్నాను. కానీ ఆ పొద్దున కాటుక పరీక్ష నేను కళ్ళారా చూశాను. ఆమె దొరికేది కాదు. ఇంకో ఐదేళ్ళు, పదేళ్ళు కూడా దొరికేది కాదు. నేను ఎన్నిసార్లు చేసినా ఆ లెక్క నాకు సమంగా రాలేదు.

సేటు ఇంట్లో మూడేళ్ళున్నాను. గీతలు పడిన ఆ తొట్టిని రోజూ నాలుగు గంటలు నేనే కడిగాను. అది నాకు ఎవరూ వెయ్యని శిక్ష. మధ్యలో ప్రైవేటుగా పదో తరగతి కట్టి, కామారెడ్డిలో ఆడపిల్లల హాస్టల్లో పని సంపాదించాను. ఆయాగా పదిహేడేళ్ళు, మేట్రన్‌గా పద్నాలుగు. అక్కడ ఇటుక పొడిని గడప దాటనివ్వలేదు. నీళ్ళ తొట్లు, అన్నం గుండిగలు కళ్ళు మూసుకుని వేలితో తనిఖీ చేసేదాన్ని. "మేడం నిద్రల నడుస్తున్నదే" అని పిల్లలు నవ్వుకునేవాళ్ళు. ఏ పిల్ల మీదకు తప్పు వచ్చినా, ఏ తప్పు, ఎవరిది అని పేరు తెలిసేదాకా చెయ్యి వెయ్యలేదు. అదీ తొట్టి దగ్గర నేర్చుకున్నదే.

హాస్టల్లో చేరిన మొదటి నెలలోనే బస్సెక్కి మద్నూర్ వెళ్ళాను, క్షమించమని అడగడానికి. ఖాలా వాకిట్లో గిన్నెల ముందు కూర్చుని ఉంది. నా గొంతు విని చేతులు కడుక్కుని, నా వేళ్ళను ఒక్కొక్కటిగా తడిమింది. "ఇంకా ఇటుక పొడి వాడుతున్నవా ఏంది?" అని పెద్దగా నవ్వింది. లోపల నుంచి కోడలు "గిన్నెలయినయా?" అని అరిచింది. ఖాలా మళ్ళీ గిన్నెల వైపు తిరిగింది. నేను పక్కన కూర్చుని మిగిలిన పన్నెండు గిన్నెలు తోమి, ఆఖరి బస్సుకు వచ్చేశాను. అనుకున్న మాట అనలేదు. మరుసటేడు రంజాన్ నెలలో ఆమె పోయిందని తెలిసింది.

ఈ బుధవారం మధ్యాహ్నానికి సువర్ణ ఇంటి తొట్టి నా వేలికి తెల్లబడింది. మూడు రోజులు, ఇరవై ఆరు బకెట్లు, పద్దెనిమిది నిమ్మకాయలు. పదకొండు చారలూ పోయాయి. రెండుసార్లు చుట్టూ వేలు నడిపాను, ఎక్కడా ఆగలేదు. నాలుగున్నరకు సువర్ణ తాను పాఠాలు చెప్పే బడి నుంచి వచ్చి, హ్యాండ్‌బ్యాగు భుజాన ఉండగానే మేడెక్కింది.

"అబ్బ, నిజంగనే తెల్లగ జేసినవే అమ్మా" అంది. తర్వాత, "గిదేంది మరి? నల్లా కింద ఇంత పసుపు మరక ఉన్నది. చూడలేదా?"

ఆమె చూపించిన చోట వేలు పెట్టాను. నున్నగా ఉంది. తుప్పు మరక వేలికి తెలియదని నాకు నేర్పింది ఖాలాయే. అది చెప్పడానికి ఆనాడు ఆమెకు నేనున్నాను.

దసరా నుంచి నా ఎడమ కంటికి పొగ కమ్మింది. సంక్రాంతికి కుడి కన్నుకు కూడా వచ్చింది. ఎనిమిది నెలలు. ఇక్కడికి రెండు వీధుల అవతల నా రెండు గదుల ఇంట్లో నేను ఒక్కదాన్నే ఉంటాను. తెలిస్తే సువర్ణ నన్ను అక్కడ ఉండనివ్వదు, తాళం తీసుకుంటుంది. అందుకే ఈ మేడకు పదమూడు మెట్లని లెక్కపెట్టుకున్నాను. చాయ్ గ్లాసు నిండడం చప్పుడుతో తెలుసుకుంటాను. ఇప్పుడు కూడా ఏదో ఒకటి చెప్పవచ్చు. నీడ అనుకున్నానని, రేపు తుడుస్తానని. అబద్ధం నోటి దాకా వచ్చింది. "సోడానే" అన్న మాట లాగానే సులువుగా వచ్చింది.

"నాకు కనబడతలేదు" అన్నాను.

సువర్ణ బ్యాగు కింద పెట్టింది. కొంగు దోపుకుని తొట్టి అంచు మీద కూర్చుంది. నా మణికట్టు పట్టుకుని, వేలిని తీసుకుపోయి ఒక చోట ఆనించింది. "ఈడ. జానెడు పొడుగున్నది, కింది దిక్కుకు" అంది. నిమ్మరసంలో ముంచిన బట్టను ఆమె చెప్పినంత మేర పరిచాను.

ఆ మాట నా కోసం నేను చెప్పుకోవడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. ఖాలా వేరొకరి పిల్ల కోసం అదే మాట ఒక్క క్షణంలో చెప్పింది. ఇంకా ఎన్నాళ్ళు ఉంటానో కానీ, ఆ క్షణం బరువును దించుకునే చోటు నాకు దొరకదు.

"ఎంతసేపు ఉంచాలె?" అంది సువర్ణ.

"అరగంట. మించొద్దు."

ఇద్దరం అలాగే కూర్చున్నాం. అరగంట అయిందని గడియారం చూసి ఆమే చెప్పింది.